చాటువు: పొగడ్తగా పుట్టి చురకగా ఎదిగిన మాట

హిందీలో ఎవరినైనా ‘చాటుకార్’ అంటే అది తిట్టు. పెద్దవాళ్ల చుట్టూ తిరుగుతూ వాళ్లేమన్నా ఆహా ఓహో అనేవాడని అర్థం. మనం కాకా రాయుడు అంటామే, అలాంటివాడన్నమాట. అక్కడ చాటూక్తి అన్నా ముఖస్తుతే. అదే మాట తెలుగులోకి వచ్చేసరికి దానికి మర్యాద పెరిగింది. ‘శ్రీనాథుడి చాటువు’ అనగానే మనకు భజన గుర్తుకు రాదు. నాలుగు పాదాల్లో తేల్చేసిన చమత్కారం గుర్తొస్తుంది, చాలాసార్లు ఎవరికో తగిలిన చురక గుర్తొస్తుంది. ఒకే సంస్కృత పదం ఒకచోట వంగి దండం పెడుతోంది, ఇంకోచోట మీసం మెలేస్తోంది. ఈ తేడా ఊరికే రాలేదు.

సంస్కృతంలో ‘చాటు’ అంటే ఎదుటివారికి ఇంపుగా ఉండే మాట, బుజ్జగింపు, ముద్దుమాట, ముఖస్తుతి. 12వ శతాబ్దపు జయదేవుడి గీతగోవిందంలో అలిగిన రాధను బతిమాలుతూ కృష్ణుడు ‘ప్రియే చారుశీలే’ అని పాడే అష్టపది ఉంది. ఆమె పాదాన్ని తన తలకు అలంకారంగా పెట్టమని అడిగేది అందులోనే. అష్టపది చివర కవి ఆ మాటలన్నిటికీ కలిపి ‘చటుల చాటు పటు చారు’ వచనాలని పేరు పెట్టాడు. కాళ్ల దగ్గరికి దిగి బతిమాలుకోవడం, దాన్ని అందంగా చెయ్యడం, రెండూ ఆ ‘చాటు’లో ఉన్నాయి.

మన పాఠకుల్లో మాత్రం వేరే రెండు వివరణలు తిరుగుతుంటాయి. పదిమందికీ చాటి చెప్పేది కాబట్టి చాటువు అని కొందరు, గ్రంథాలకెక్కకుండా చాటున ఉండిపోయింది కాబట్టి చాటువు అని ఇంకొందరు. రెండూ వినడానికి బాగానే ఉంటాయి. చాటింపులోని చాటు, చెట్టుచాటులోని చాటు అచ్చతెలుగు మాటలే. కానీ చివరనున్న ‘వు’ ఈ వివరణలకు అడ్డం వస్తుంది. సంస్కృతంలో ఉకారంతో ముగిసే మాట తెలుగులోకి వస్తే ‘వు’ చేర్చుకుంటుంది: వస్తు వస్తువైంది, హేతు హేతువైంది, ధాతు ధాతువైంది, సాధు సాధువైంది. చాటు చాటువైంది కూడా ఆ లెక్కలోనే. చెట్టుచాటును ఎవరూ చెట్టుచాటువు అనరు. అయితే ఈ తప్పుడు వ్యుత్పత్తులు ఇంతకాలం నిలిచాయంటే కారణం లేకపోలేదు. అసలు అర్థమైన ముఖస్తుతి తెలుగువాళ్ల మనసులోంచి జారిపోయింది, ఆ ఖాళీలో ఇవి వచ్చి కూర్చున్నాయి.

పాత లాక్షణికుల, అంటే కావ్యలక్షణాలు రాసిన పండితుల కాలానికి ఆ అర్థం ఇంకా జారిపోలేదు. చాటుప్రబంధాలని వాళ్లు ఒక తెగ చిన్న రచనలను లెక్కపెట్టారు. దేవుణ్ణో రాజునో గురువునో పొగడడానికే కట్టినవి అవి. ఉదాహరణం వాటిలో ఒకటి. ప్రథమా విభక్తి నుంచి సంబోధన దాకా ఒక్కో విభక్తికీ ఒక పద్యం, దాని వెంట కళిక, ఉత్కళిక అనే గేయభాగాలు వస్తాయి. పాల్కురికి సోమనాథుడి బసవోదాహరణం తెలుగులో దీనికి పాత నమూనా. వ్యాకరణంలోని విభక్తులన్నిటితోనూ ఒకే పేరును కీర్తించడమంటే పొగడ్తను పద్ధతిగా, ఏ మూలా వదలకుండా పూర్తి చేయడమే. అక్కడ చురక లేదు, నవ్వు లేదు.

మరి నవ్వు ఎక్కడి నుంచి వచ్చింది? పొగిడినవాడి బతుకులోంచి అని చెప్పాలి. రాజుగారిని పొగిడితే కవికి అగ్రహారమో, కనకాభిషేకమో, కనీసం ఆ పూట భోజనమో దొరకాలి. దొరకకపోతే? నోరు ఎలాగూ ఉంది. పొగడడానికి వాడిన ఛందస్సే తిట్టడానికీ పనికొస్తుంది. వేములవాడ భీమకవి తిట్టాడంటే జరిగి తీరుతుందని జనం నమ్మారు. శ్రీనాథుడు కాశీఖండంలో పూర్వకవుల్ని తలుచుకుంటూ ‘వచియింతు వేములవాడ భీమన భంగి నుద్దండలీల నొక్కొక్కమాటు’ అని ఆయన పేరే ముందు చెప్పాడు. పొగడ్తా తిట్టూ ఒకే నోటి నుంచి, ఒకే గుమ్మం ముందు, ఒకే అవసరం కొద్దీ వచ్చాయి. అందుకని రెండింటికీ ఒకే పేరు సరిపోయింది. చాటువు అనే మాట అర్థం మార్చుకోవడానికి ముఖ్య కారణం ఇదే అనిపిస్తుంది: మాట పొగడ్త నుంచి విడిపోయి కవికీ ఇచ్చేవాడికీ మధ్య నడిచే లావాదేవీకి అతుక్కుంది.

ఆ లావాదేవీలో ఎవరు పైన, ఎవరు కింద అన్న తగువు ఎప్పుడూ తెగలేదు. 18వ శతాబ్దంలో విజయనగరం పూసపాటివారి కాలంలో ఉన్న అడిదము సూరకవి పేర ఒక పద్యం చెబుతారు. ఆయన సీతారామరాజును పద్యంలో ఏకవచనంతో పిలిచాడట. ప్రభువును పట్టుకుని ‘రా’ అనడమేమిటని రాజుగారికి కోపం వచ్చిందట. సూరకవి జవాబు:

చిన్నప్పుడు రతికేళిక
నున్నప్పుడు కవితలోన యుద్ధములోనన్
వన్నెసుమీ ‘రా’ కొట్టుట
చెన్నగునో పూసపాటి సీతారామా

పసితనంలో, పడకటింట్లో, కవిత్వంలో, యుద్ధంలో ‘రా’ అని పిలవడమే అందం అంటున్నాడు. నాలుగు సందర్భాల్లో మూడు ఎవరూ కాదనలేనివి. తల్లి కొడుకును మీరు అనదు. శత్రువు కత్తి దూసి తమరు అనడు. వాటి మధ్యలో కవితను మెల్లిగా ఇరికించాడు. రాజు ఒప్పుకోక తప్పదు. క్షమాపణ చెప్పాల్సిన చోట నియమం చెప్పాడు, అదీ చివరి పాదంలో మళ్లీ ఏకవచనంతోనే పిలుస్తూ. దీన్ని ముఖస్తుతి అనగలమా? అనలేం. తిట్టు అనడానికీ లేదు, వన్నె, చెన్ను అనే మాటలు రాజును నిమురుతూనే ఉన్నాయి. తెలుగు చాటువు నిలబడిన చోటు సరిగ్గా ఇదే.

పొగడ్త చురకగా మారే క్షణాన్ని ఒకే పద్యంలో చూడాలంటే ధూర్జటి మీద చెప్పే చాటువు ఉంది. కృష్ణదేవరాయలు సభలో ధూర్జటి కవిత్వపు తీపికి పొంగిపోయి ఒక చంపకమాల మొదలుపెట్టాడని, దాన్ని తెనాలి రామకృష్ణుడు అందుకుని పూర్తి చేశాడని కథ.

స్తుతమతియైన యాంధ్రకవి ధూర్జటి పల్కుల కేల గల్గెనో
యతులిత మాధురీమహిమ? హా తెలిసెన్ భువనైకమోహనో
ద్ధత సుకుమార వారవనితా జనతా ఘనతాపహారి సం
తత మధురాధరోదిత సుధారసధారల గ్రోలుటం జుమీ

‘మహిమ’ దాకా రాయలు. ధూర్జటి మాటలకు అంత తీపి ఎక్కడిదో అని ఆశ్చర్యం, శుద్ధమైన మెచ్చుకోలు. ‘హా తెలిసెన్’ దగ్గర గొంతు మారుతుంది. ఆ తర్వాత పద్యం చివరిదాకా ఒకే సమాసం లాంటి పరుగు, దాని సారం ఒక్కటే: వేశ్యల పెదవుల అమృతం తాగడం వల్ల వచ్చిన తీపి అది. గమనించాల్సిందేమిటంటే రామకృష్ణుడు రాయల పొగడ్తను కాదనలేదు. తీపి ఉందని ఒప్పుకున్నాడు, కారణం మాత్రం తనది పెట్టాడు. సంస్కృత సమాసం ఎంత గంభీరంగా ఉందో విషయం అంత చిల్లరగా ఉంది, ఆ రెండింటి మధ్య దూరంలోనే నవ్వు పుడుతుంది.

కాళహస్తీశ్వర శతకం చెప్పిన ధూర్జటి యవ్వనంలో భోగి అనడానికి ఈ పద్యాన్నే సాక్ష్యంగా చూపించేవాళ్లున్నారు. నవ్వులాటకు అన్న మాట జీవితచరిత్రలో ఒక అధ్యాయమై కూర్చుంది. తెలుగు కవుల్లో చాలామంది జీవితాలను ఇలాగే చాటువులతో కుట్టారు. శ్రీనాథుడి చివరిరోజుల కష్టాలు కూడా మనకు చాటుపద్యాల ద్వారానే ఎక్కువగా తెలుసు.

ఇక చాటువు పొట్టితనం సంగతి. పొట్టిగా ఉన్నదల్లా చాటువు కాదు. కందపద్యంలో మొత్తం 64 మాత్రలు, అంతే. కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అన్న సామెత ఆ ఇరుకును దృష్టిలో పెట్టుకుని పుట్టిందే. ఆ ఇరుకులో మంచి చాటువు చేసే పని చెప్పడం కంటే దాచడం. శ్రీనాథుడి పేర అందరి నోటా ఉండే ఈ కందం చూడండి:

సిరిగలవానికి చెల్లును
తరుణుల బదియారువేల తగ బెండ్లాడన్
తిరిపెమున కిద్దరాండ్రా
పరమేశా! గంగ విడుము పార్వతి చాలున్

డబ్బున్నవాడికి పదహారువేలమందిని పెళ్లాడినా చెల్లుతుంది, అడుక్కుతినేవాడికి ఇద్దరు పెళ్లాలా, శివా, గంగను వదిలెయ్, పార్వతి చాలు. పద్యం అంతవరకే. ఇది విని నవ్వుకోవచ్చు. లక్ష్మీపతి కృష్ణుణ్ణి పేరు పెట్టకుండా ‘సిరిగలవాడు’ అనడంలోని పన్నాగం చూసి ఇంకాస్త నవ్వుకోవచ్చు. ‘తిరిపెము’ అన్న మాట శివుడి భిక్షాటనను పురాణం స్థాయి నుంచి వీధి గుమ్మం దాకా దించేసింది. అయినా ఇప్పటిదాకా దొరికింది సగమే.

మిగతా సగం కథలో ఉంది. శ్రీనాథుడు పల్నాడులో తిరుగుతున్నాడు. ఎండ, నాపరాళ్లు, దాహం. తాగడానికి చుక్క నీళ్లు లేవు. అప్పుడు చెప్పాడంటారు ఈ పద్యం. ఇప్పుడు మళ్లీ చదివితే ‘గంగ విడుము’ అన్నది సవతుల పోరు మీద వేళాకోళం కాదు, నీళ్లకోసం వేసిన కేక. పద్యంలో దాహం అన్న మాట లేదు, ఎండ లేదు, పల్నాడు లేదు, నీళ్లు అన్న మాటైనా లేదు. దాహంతో ఉన్నవాడు దేవుణ్ణి ప్రార్థిస్తున్నాడని కూడా లేదు, పైగా దెప్పిపొడుస్తున్నాడు. అడగాల్సింది అడగకుండా, ఇవ్వక తప్పని స్థితిలోకి ఇచ్చేవాణ్ణి నెట్టడం ఇది. సూరకవి రాజుతో చేసిందీ ఇదే, శ్రీనాథుడు ఏకంగా శివుడితో చేశాడు.

పల్నాడు మీద ఆయన పేర ఇంకా చాలా పద్యాలున్నాయి. పూతన విషం తాగానని, కార్చిచ్చు మింగానని గొప్పలు పోతావెందుకు, చింతచిగురు వేసి వండిన ఉడుకు బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద దిగమింగు, నీ పస తెలుస్తుంది అని కృష్ణుడికి సవాలు విసిరింది ఒకటి. పల్నాటివాళ్లు వీటికి నొచ్చుకోకపోగా తామే ముందుగా అప్పజెప్పడం తెలిసినవాళ్లకు తెలుసు. గంగ సంగతికొస్తే, 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ పల్నాడు మీదుగానే పోతుంది. పరమేశ్వరుడు కాస్త ఆలస్యంగా విన్నాడనుకోవాలి.

చాటువు పక్కనే ఎప్పుడూ వినిపించే ఇంకో మాట చమత్కారం. దీని పుట్టుక ఇంకా సరదాగా ఉంటుంది. రుచికరమైనదేదో నోట్లో పడగానే నాలుక చేసే చప్పుడే మొదట ‘చమత్’ అయిందని, ఆ తర్వాతే అది ఆశ్చర్యానికీ కావ్యానందానికీ పేరైందని సంస్కృత పండితుడు వి. రాఘవన్ వివరించారు. మనం లొట్టలు వేయడం అంటామే, దాన్ని శాస్త్రం దాకా తీసుకెళ్లారన్నమాట. 14వ శతాబ్దం చివర్లో రాచకొండ సింగభూపాలుడి ఆస్థానంలో ఉన్న విశ్వేశ్వర కవిచంద్రుడు చమత్కారచంద్రిక అని సంస్కృతంలో ఒక అలంకారగ్రంథమే రాశాడు. గుణం, రీతి, రసం, వృత్తి, పాకం, శయ్య, అలంకారం, ఈ ఏడూ చమత్కారానికి కారణాలన్నాడు. రసమూ పాకమూ ఎలాగూ వంటింటి మాటలే. చాటువు చెప్పేవాడి వైపు నుంచి వచ్చిన పేరు, చమత్కారం వినేవాడి నాలుక వైపు నుంచి వచ్చిన పేరు.

సుభాషితానికీ చాటువుకూ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. భర్తృహరి నీతిశ్లోకానికి కథ అక్కర్లేదు. ఎవరు, ఎప్పుడు, ఎవరితో అన్నారో తెలియకపోయినా అది నిలబడుతుంది. చాటువు అలా కాదు. అది ఒక్క పూటకు, ఒక్క మనిషికి, ఒక్క గుమ్మానికి తగిలేలా చెప్పింది. అందుకే చాటువు చెప్పే ప్రతివాడూ ‘ఒకసారి ఏమైందంటే’ అని మొదలుపెడతాడు. ఆ కథ నిజంగా జరిగిందా అనేది వేరే విషయం. శ్రీనాథుడూ పోతనా బావామరుదులని చెప్పే కథలూ, శతాబ్దాల తేడా ఉన్న కవుల్ని భోజరాజు సభలో ఒకే వరుసలో కూర్చోబెట్టే కథలూ మన దగ్గర కొల్లలు. చరిత్రకారులు వీటిని కొట్టిపారేశారు, సరైన పనే. కానీ కథను కొట్టిపారేస్తే పద్యం కుంటిదవుతుంది. ‘సిరిగలవానికి’ పద్యానికి దాహం ఎంత అవసరమో, ఆ దాహం వేసినవాడు శ్రీనాథుడు కావడం కూడా అంతే అవసరం. రాజసభల్లో భోగాలు అనుభవించినవాడు నీటిచుక్కకు మొహం వాచాడంటేనే ఆ పద్యానికి పదును.

వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో దక్షిణాది చాటువుల మీద ఇంగ్లిషులో తెచ్చిన పుస్తకం ఈ విషయాన్ని గట్టిగా పట్టుకుంది. చాటువుల్లో కనిపించే శ్రీనాథుడు, రామకృష్ణుడు, కాళిదాసు చరిత్రలోని వ్యక్తులు కారు, చదువుకున్న జనం తమ అభిరుచికి పెట్టుకున్న పేర్లు అనే వైపు నుంచి చూస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. భోగం ధ్వనిస్తే శ్రీనాథుడు, అల్లరి ధ్వనిస్తే రామకృష్ణుడు, తిట్టు తగిలితే భీమకవి. వాట్సాప్‌లో ఎవరో అన్న మాటను శ్రీశ్రీ పేర తిప్పుతున్నారని ఇవాళ విసుక్కుంటాం గానీ, పాత అలవాటు కొత్త ఫోనులోకి వచ్చిందంతే.

నోటి మీద తిరిగిన ఈ పద్యాలు అచ్చులోకి రావడం వెనక వేటూరి ప్రభాకరశాస్త్రి కృషి చాలా ఉంది. ఆయన కూర్చిన చాటుపద్య మణిమంజరి, దీపాల పిచ్చయ్యశాస్త్రి చాటుపద్య రత్నాకరము లేకపోతే ఎన్నో పద్యాలు ముసలివాళ్లతోపాటే పోయేవి. అచ్చు చేసిన మేలు అది. చేసిన కీడు కూడా ఒకటుంది: కథ పైన రెండు ముక్కల గమనికగా కుదించుకుపోయింది. చాటువును వరసగా వంద చదివితే ఒకటీ తలకెక్కదు. ఒకదాన్ని సందర్భం కుదిరినప్పుడు విసిరితే మాత్రం పక్కవాడు పదేళ్లు గుర్తుపెట్టుకుంటాడు.

సందర్భాన్ని కల్పించి మరీ చాటువు పుట్టించే ఏర్పాటు మనకు అవధానంలో మిగిలింది. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాలు చేసిన రోజుల్లో, రెండు భాషల్లోనూ కవీంద్రులమని చాటడానికే మీసం పెంచామని, ఓడిస్తే తీసి మీ కాళ్ల దగ్గర పెడతామని చెప్పిన పద్యం ఇప్పటికీ సభల్లో మోగుతుంది. అవధానంలో ప్రశ్నలు వేసేవాళ్లను పృచ్ఛకులంటారు. వాళ్లలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి పిచ్చి ప్రశ్న వేస్తాడు, జనం ఆ జవాబు కోసమే చెవులు రిక్కిస్తారు. మర్నాడు ఊళ్లో చెప్పుకునేది దత్తపది, నిషిద్ధాక్షరి లాంటి కష్టమైన అంశాల్ని కాదు, ఆ జవాబునే.

అర్థం కుదరని పాదం ఒకటి ఇస్తే దాన్ని పద్యంగా పూర్తిచేసే సమస్యాపూరణం సంగతి తీసుకుంటే తెనాలి రామకృష్ణుడి ‘కుంజర’ సమస్య చాటువు నడకను మొత్తం చూపిస్తుంది. ఆయనంటే గిట్టనివాళ్లు ఒక కాపలావాణ్ణి పురమాయించి, ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందనే అర్థం వచ్చే ‘కుంజరయూధంబు దోమ కుత్తుక జొచ్చెన్’ అన్న పాదం ఇప్పించారట. రామకృష్ణుడు అడిగినవాణ్ణి చూశాడు. గంజాయి తాగావా, కల్లు తాగావా అంటూ మొదలుపెట్టి, ఇక్కడ రాయడానికి వీల్లేని బూతుతో పద్యం ముగించాడు. సంగతి తెలిసిన రాయలు మర్నాడు అదే పాదాన్ని సభలో తానే ఇచ్చాడు. అప్పుడు వచ్చిన పద్యం ఇది:

రంజన చెడి పాండవులరి
భంజనులై విరటుకొల్వు పాల్పడి రకటా
సంజయ! యేమని చెప్పుదు
కుంజరయూధంబు దోమ కుత్తుక జొచ్చెన్

శత్రువుల్ని చీల్చి చెండాడే పాండవులు వన్నె తగ్గి విరటుడి కొలువులో చేరారు, ఏనుగుల మంద దోమ గొంతులో దూరడమంటే ఇదే. పాదంలో ఒక్క అక్షరం మారలేదు, అడిగినవాడు మారాడు.